అప్ అండ్ డౌన్: పనికీ మన ఇంటికీ మధ్య దూరం ఎవరు పెట్టింది?

ఉద్యోగం వచ్చిన కుర్రాడికి ఇంట్లో పెద్దలు, ఆఫీసులో సీనియర్లు, ఆదివారం పేపరు రాసేవాళ్ళు అందరూ చెప్పే సలహా ఒకటే. "ఆఫీసు దగ్గర్లో ఇల్లు చూసుకో. అద్దె రెండు వేలు ఎక్కువైనా ఫర్వాలేదు. బస్సు ఖర్చు మిగులుతుంది, ఒళ్ళు మిగులుతుంది." మంచి సలహానే. లెక్క కూడా తప్పు కాదు. కాకపోతే ఆ లెక్కలో ఒక పద్దు లేదు. ఇల్లు ఖాళీగా వుంది, జేబులో అడ్వాన్సు వుంది, ఇంటాయన గేటు దగ్గరే నిలబెట్టి "మీరేమిటోళ్ళు?" అని అడిగాడు. ఆ తర్వాత ఏం జరుగుతుందన్నదే ఆ పద్దు.

పనిచేసే చోటు, కాపురం వుండే చోటు, ఈ రెంటి మధ్య దూరం. ఇది బస్సుల సమస్యగా, ట్రాఫిక్ సమస్యగా, మహా అయితే అద్దెల సమస్యగా చర్చకు వస్తోంది తప్ప కులం సమస్యగా రావడం లేదు. దళిత పరిశోధకులం మేం కూడా రిజర్వేషన్ల మీద, దాడుల మీద రాసినంతగా దీని మీద రాయలేదు. ఉద్యోగం సంపాదించడమే పెద్ద యుద్ధమైనప్పుడు ఆ ఉద్యోగానికి రోజూ ఎట్లా పోయొస్తున్నామన్నది చిన్న విషయంగా కనపడింది. రోజుకు మూడు గంటలు మింగే విషయం చిన్నదెట్లా అవుతుంది? ఈ దూరం ఎట్లా తయారవుతుందో, దాన్ని ఎట్లా లెక్కగట్టాలో ఇక్కడ వివరించే ప్రయత్నం చేస్తాం.

ముందు ఊరి నుంచే మొదలుపెట్టాలి. మాలపల్లె, మాదిగవాడ ఎక్కడ వుండాలన్నది ఊరు పెట్టిన లెక్క. కేకేస్తే వినపడేంత దగ్గర, గాలి సోకనంత దూరం. పాలేరు తెల్లారకముందే దొడ్లో వుండాలి. గొడ్డు చస్తే కబురందిన వెంటనే రావాలి. చావు కబురు మోయడానికి, డప్పు కొట్టడానికి పిలిస్తే పలకాలి. ఈ పనులన్నిటికీ వాడ దగ్గరే. అదే వాడకి మంచినీళ్ళ బావి దూరం, బడి దూరం, బస్సాగే చోటు దూరం. బస్సు ఊరి మొదట్లో ఆగితే వాడవాళ్ళు ఊరంతా దాటి రావాలి. ఒకప్పుడు ఆ దాటడం కూడా చెప్పులు చేత్తో పట్టుకునే.

అంటే మన అనుభవంలో దూరం రెండు రకాలుగా పనిచేసింది. చాకిరీకి మనల్ని దగ్గర పెట్టుకున్నారు, హక్కులకి దూరం పెట్టారు. పట్నం వచ్చాక కూడా ఈ రెండూ పోలేదు. మురికి పనికి మనం ఇప్పటికీ పని పక్కనే వుండాల్సి వస్తోంది. జీతం బాగున్న పని దొరికితే దాని దరిదాపుల్లో ఇల్లు దొరకదు. ఈ వ్యాసంలో మేం చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇదే. మిగతాదంతా దీనికి రుజువులు.

అర్థశాస్త్రం వదిలేసిన పద్దు

1964లో విలియం అలోన్సో అనే అమెరికా పండితుడు నగరాల్లో భూమి ధర గురించి ఒక పుస్తకం రాశాడు. ఆయన చెప్పింది టూకీగా ఇది: పనులన్నీ నగరం నడిబొడ్డున వుంటాయి; దానికి దగ్గరగా వున్న స్థలానికి ధర ఎక్కువ, దూరం పోయేకొద్దీ తక్కువ; ప్రతి కుటుంబం అద్దెనూ రోజువారీ ప్రయాణపు ఖర్చునూ పక్కపక్కన పెట్టి చూసుకుని, ఎక్కడ కలిసొస్తే అక్కడ కాపురం పెడుతుంది. నగరాల ప్లానింగ్ చదివే పిల్లలకు ఇప్పటికీ తొలి పాఠాల్లో ఇదొకటి. ఈ పాఠంలో ఖాళీ ఇల్లు డబ్బున్న ఎవరికైనా దొరుకుతుంది. ఇంటాయనకి కులం లేదు, అద్దెకొచ్చేవాడికీ లేదు.

నాలుగేళ్ళకే, 1968లో, అదే దేశంలో జాన్ కేన్ అనే ఆర్థికవేత్త ఇంకో సంగతి బయటపెట్టాడు. డెట్రాయిట్, షికాగో నగరాల లెక్కలు తీసి నల్లవాళ్ళు ఎక్కడుంటున్నారో, పనులు ఎక్కడున్నాయో పోల్చి చూశాడు. ఫ్యాక్టరీలు నగరం వదిలి శివార్లకు పోతున్నాయి. శివార్లలో నల్లవాళ్ళకి ఇల్లివ్వరు. దాంతో వాళ్ళు పనికి దూరమయ్యారు, ఆ పనులున్నాయన్న కబురు కూడా అందనంత దూరమయ్యారు. పేదరికం వల్లే దూరంగా వుంటున్నారనే మాట సగమే నిజమని, ఇల్లివ్వకపోవడం వల్ల పని పోయి, పని పోవడం వల్ల పేదరికం వస్తోందని ఆ లెక్కల నుంచి అర్థమవుతుంది. నల్లవాళ్ళ చరిత్ర నుంచి దళిత ఉద్యమం చాలా నేర్చుకుంది. ఈ పాఠం మాత్రం మన చర్చల్లోకి పెద్దగా రాలేదు.

మన దగ్గర ఇట్లాంటి లెక్కలు చాలా ఆలస్యంగా మొదలయ్యాయి. సుఖదేవ్ థోరట్, ఆయన సహచరులు ఢిల్లీ, దాని చుట్టుపక్కల పట్టణాల్లో అద్దె ఇళ్ళ మీద చేసిన పరిశోధన 2015లో అచ్చయింది. ఒకే తీరు చదువు, ఒకే తీరు ఉద్యోగం, పేర్లు మాత్రం వేరు. అగ్రకులాల పేరున్నవాళ్ళకి ఇల్లు చూపిస్తామన్నారు. దళితుల్లో, ముస్లింలలో చాలామందికి "ఇప్పుడే ఎవరికో ఇచ్చేశాం" అన్నారు, లేకపోతే ఎక్కడాలేని షరతులు పెట్టారు. 2023లో దేశం మొత్తం మీద 15 లక్షల పేటల వివరాలు పరిశీలించిన మరో అధ్యయనం వచ్చింది. కులం గీసిన గీతలు పల్లెల్లో ఎంత గట్టిగా వున్నాయో నగరాల్లోనూ దాదాపు అంతే గట్టిగా వున్నాయని, దళితులు, ముస్లింలు ఎక్కువగా వుండే పేటలకి సర్కారు బడులు, దవాఖానాలు తక్కువ అందుతున్నాయని అది చూపించింది. పట్నం పోతే కులం పోతుందని చెప్పినవాళ్ళు ఈ అంకెలు ఒకసారి చూడాలి.

అంకెలు రాకముందే అనుభవం వుంది. 1917లో అంబేద్కర్ విదేశాల్లో చదువు ముగించుకుని బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళ్ళారు. తన చదువుకి వేతనమిచ్చిన సంస్థానం అది. స్టేషన్లో దిగాక ఆయనకి ఎదురైన మొదటి ప్రశ్న ఆఫీసు ఎక్కడ అని కాదు, రాత్రికి ఎక్కడ పడుకోవాలి అని. హిందూ హోటళ్ళు ఇవ్వవు. పార్సీల సత్రంలో పార్సీ పేరు రాయించి చేరారు. పదకొండో రోజు పార్సీలు కర్రలు పట్టుకొచ్చి ఖాళీ చేయించారు. ఇద్దరు స్నేహితులను, ఒక హిందువునీ ఒక క్రైస్తవుడినీ, ఆశ్రయమడిగితే ఇద్దరూ ఏదో సాకు చెప్పారు. పార్కులో కూర్చుని సాయంత్రం దాకా గడిపి బొంబాయి రైలెక్కారు. ఈ కథ మనందరికీ తెలుసు, అవమానపు కథగా తెలుసు. ఉద్యోగం కథగా కూడా చదవాలని మేమంటున్నాం. కొలంబియాలో చదివి వచ్చిన మనిషికి ఉద్యోగం వుంది, జీతం వుంది, పనిచేయగల సత్తా వుంది. పనిచేసే ఊళ్ళో ఇల్లు లేదు, కాబట్టి ఉద్యోగం లేదు.

లోకల్‌గా వుండని పంతులు

మాలో ఒకరు 1998 డీఎస్సీలో సెలక్టయి, మండల కేంద్రానికి 14 కిలోమీటర్ల లోపల వున్న ఒక ఊళ్ళో టీచరుగా చేరారు. చేరిన రోజే హెడ్మాస్టరుగారు మంచిగా మాట్లాడి, "ఊళ్ళోనే వుండండి సార్, పిల్లలకి సాయంత్రం కూడా చెప్పొచ్చు" అని ఒకాయన ఇంటికి తీసుకుపోయారు. రెండు గదులు, వెనక బావి, అద్దె మూడొందలు. ఇంటాయన మంచం వాల్చి కూర్చోబెట్టాడు, మజ్జిగ తెప్పించాడు. మజ్జిగ వచ్చేలోపు ఇంటిపేరు అడిగాడు. ఇంటిపేరుతో తేలకపోతే ఊరు అడిగాడు. ఊరితో తేలకపోతే ఊళ్ళో ఎవరి ఇంటి పక్కన అని అడిగాడు. మజ్జిగ వచ్చింది, స్టీలు గ్లాసులో కాదు. ఇల్లు సంగతి "మా అమ్మకి ఆచారం ఎక్కువ పంతులుగారూ, ఆమెనడిగి చెప్తా" దగ్గర ఆగిపోయింది. ఆ అమ్మ ఇప్పటిదాకా చెప్పలేదు.

అట్లా తొమ్మిది ఇళ్ళు చూశారు. మాదిగవాడలో వుందామనుకున్నారు. వాడవాళ్ళు సంతోషంగా రమ్మన్నారు కూడా, కానీ ఇవ్వడానికి వాళ్ళ దగ్గర విడిగా గది ఎక్కడిది? ఒక్కో ఇంట్లో రెండు కాపురాలున్నాయి. చివరికి మండల కేంద్రంలో గది తీసుకుని అప్ అండ్ డౌన్ మొదలుపెట్టారు. 7.10 బస్సు దొరికితే ఎనిమిదికి రోడ్డు మీద దిగి మూడు కిలోమీటర్లు నడక. ఆ బస్సు తప్పితే తర్వాతది తొమ్మిదిన్నరకి. వానాకాలం వాగొస్తే అసలే లేదు.

రెండో సంవత్సరం ఊరివాళ్ళు కొందరు మండల విద్యాధికారికి అర్జీ పెట్టారు. "పంతులు లోకల్‌గా వుండడం లేదు, బడికి ఆలస్యంగా వస్తున్నాడు." మెమో వచ్చింది. అర్జీ కింద సంతకాలు చూస్తే మొదటి సంతకం మజ్జిగ ఇచ్చినాయనది. ఈ విషయం చెప్పేటప్పుడు మా మిత్రుడు నవ్వుతారు. మాకు నవ్వు రాలేదు.

ప్రభుత్వోద్యోగి పనిచేసే చోటే నివాసముండాలన్న నిబంధన దశాబ్దాలుగా వుంది. పత్రికలు కూడా ఏడాదికోసారి "స్థానికంగా వుండని టీచర్లు" అని ఒక వార్త వేస్తాయి. నిబంధన మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. అది అమలు కావాలంటే ఊరు ఇల్లివ్వాలి గదా! ఇల్లివ్వని ఊరికి మెమో ఎవరిస్తారు? దీని మీద ఇంకో దెబ్బ వుంది. ఇంటద్దె అలవెన్సు పనిచేసే చోటును బట్టి వస్తుంది, వుండే చోటును బట్టి కాదు. 2021లో తెలంగాణలో అమలైన వేతన సవరణ ప్రకారం హైదరాబాదులో పనిచేసే ఉద్యోగికి మూలవేతనంలో 24 శాతం, పల్లెలో పనిచేసే ఉద్యోగికి 11 శాతం. పల్లె ఇల్లివ్వక పట్నంలో కాపురం పెట్టిన దళిత టీచరు పట్నపు అద్దె కట్టి పల్లె అలవెన్సు తీసుకుంటున్నాడు. పైన బస్సు చార్జీ. ఆడటీచరైతే ఈ లెక్కకి చీకటి పడటం అనే పద్దు ఇంకోటి కలుస్తుంది.

ఇప్పుడు చాలామంది టీచర్లు, అగ్రకులాలవాళ్ళు కూడా, పిల్లల కాన్వెంటు చదువుల కోసం టౌన్లోనే వుంటున్నారు, బైకుల మీద పోయొస్తున్నారు. అది నిజమే. వాళ్ళు వుండొద్దనుకుని వెళ్ళారు. మనకి వుండనిస్తే గదా వద్దనుకోవడానికి.

క్వార్టర్లు, సైబర్ టవర్లు, చీపుర్లు

పట్నంలో ఒక తరం దళితులకి ఈ చిక్కు నుంచి దారి చూపింది క్వార్టర్లు. సికింద్రాబాదు చుట్టుపక్కల రైల్వే క్వార్టర్లు, కంటోన్మెంటు, తర్వాత రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, బాలానగర్‌లో ఐడీపీఎల్. ఇవి ఉద్యోగంతో పాటు పని పక్కన ఇల్లిచ్చాయి. ఆ ఇల్లు సీనియారిటీ జాబితా ప్రకారం వచ్చింది. గేటు దగ్గర నిలబెట్టి కులం అడిగే ఇంటాయన లేడు. పక్కింటి బ్రాహ్మడికి మనసులో ఏమున్నా జాబితా మార్చలేడు. అక్కడ కూడా స్వీపర్ల వరస విడిగానే వుండేది, ఆ మాట దాచక్కర్లేదు. అయినా ఆ కాలనీల్లో పెరిగిన పిల్లల్లోంచే మనలో చాలామందిమి వచ్చాం. నాన్న సైరన్ మోగాక నడిచి ఇంటికొచ్చేవాడు. సాయంత్రం పూట ఇంట్లో నాన్న వుండటం, హోంవర్కు దగ్గర కూర్చోవడం, ఇవి పెద్ద ఆస్తులని అప్పుడు తెలియదు. 1991 తర్వాత ప్రభుత్వరంగ సంస్థలు ఒక్కొక్కటే ఖాయిలా పడ్డాయి, వీఆర్ఎస్‌లు వచ్చాయి, క్వార్టర్లు ఖాళీ అయ్యాయి. ప్రైవేటీకరణ వల్ల రిజర్వేషన్లు పోయాయని మనం సరిగ్గానే అన్నాం. పని పక్కన ఇల్లు కూడా పోయిందని అనడం మర్చిపోయాం.

1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. నగరంలో కొత్త పనులన్నీ పడమటికి జరిగాయి. ఆ పనుల చుట్టూ లేచినవి క్వార్టర్లు కావు, గేటెడ్ కమ్యూనిటీలు, అపార్టుమెంట్లు. ఇక్కడ కులాన్ని నేరుగా అడగరు. "వెజిటేరియన్సా?" అంటారు, "ఫ్యామిలీ బ్యాక్‌గ్రౌండ్ ఏంటి?" అంటారు, ఫ్రెండ్లీగా "సర్‌నేమ్ ఏంటి బ్రో?" అంటారు. మాకు తెలిసిన ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఇంట్లో అంబేద్కర్ ఫోటో తగిలించిన రెండో నెలలో "మా అబ్బాయి అమెరికా నుంచి వస్తున్నాడు, ఖాళీ చేయండి" అన్న మాట విన్నాడు. అబ్బాయి రాలేదు, ఇంకో కిరాయిదారు వచ్చాడు. ఆ ఉద్యోగి ఇప్పుడు నగరానికి ఆ చివర, ఉప్పల్ అవతల, తనవాళ్ళున్న కాలనీలో వుంటూ రోజూ పోయొస్తున్నాడు. పేపర్లో వచ్చే సర్వేల్లో ఈయన "దూరంగా వుండటానికి ఇష్టపడిన ఉద్యోగి"గా నమోదవుతాడు.

ఇదంతా దూరం పెట్టడం గురించి. ఇక దగ్గర పెట్టుకోవడం సంగతి చూద్దాం. రోడ్లూడ్చే ఆడవాళ్ళు, వాళ్ళలో అత్యధికులు దళిత స్త్రీలు, ఊరు లేవకముందే హాజరు వేయించుకోవాలి. ముఖం మిషనుకి చూపించకపోతే ఆ పూట కూలి పోతుంది. మెట్రో ఆరింటికి గానీ మొదలవదు, ఆ వేళకి చాలా రూట్లలో సిటీ బస్సు కూడా వుండదు. కాబట్టి ఆమె ఊడ్చే రోడ్డుకి నడకదూరంలోనే వుండి తీరాలి, ఆ దూరంలో ఆమె జీతానికి దొరికేది నాలా పక్క బస్తీయే. విశాఖలో రెల్లివీధిని చూసినా సంగతి ఇదే. పాకీ పని చేయించుకోవడానికి వూరు ఒక కులాన్ని పక్కన పెట్టుకుంది, ఆ వీధికి ఆ కులం పేరే స్థిరపడింది. అక్కడివాళ్ళకి ప్రయాణపు ఖర్చు లేదు. దీన్ని లాభమని ఎవరైనా రాస్తారేమో మాకు తెలియదు.

ఇంటిపని చేసే ఆడవాళ్ళ లెక్క ఇంకా సూక్ష్మం. దీన్ని కొంచెం విడమర్చి చెప్పాలి, ఎందుకంటే ఇళ్ళు పంచే అధికారులకి ఇది అసలు పట్టదు. ఒకామె నాలుగు ఇళ్ళల్లో చేస్తుందనుకుందాం. ఆరున్నరకి ఒక ఇంట్లో బోళ్ళు తోమాలి, వాళ్ళ పిల్లల బస్సు ఏడున్నరకి. ఎనిమిదికి రెండో ఇల్లు, తొమ్మిదిన్నరకి మూడోది, పదకొండుకి నాలుగోది. మధ్యాహ్నం ఇంటికొచ్చి వండుకుని, సాయంత్రం నాలుగున్నరకి మళ్ళీ రెండిళ్ళకి గిన్నెల కోసం పోవాలి. అంటే ఆమె పనికి రోజుకి రెండుసార్లు పోయొస్తుంది. ఇళ్ళమధ్య దూరం ఐదు నిమిషాల నడక వుంటేనే నాలుగు ఇళ్ళు కుదురుతాయి. ఆమెకి నడకదూరమే జీతం. బస్తీ నుంచి ఐదు కిలోమీటర్లు దూరం జరిపితే ఒక ఇల్లు పోతుంది, పది కిలోమీటర్లు జరిపితే సాయంత్రం పని మొత్తం పోతుంది.

2023 జూన్ 22న కొల్లూరులో 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్ళు ప్రారంభించారు. ఒకేచోట కట్టిన అంత పెద్ద కాలనీ. ఇల్లు బాగుంది, 560 చదరపు అడుగులు, రెండు గదులు, లిఫ్టు. మేం దాన్ని తక్కువ చేయం. గుడిసెలో వాననీళ్ళు ఎత్తిపోసిన వాళ్ళకి స్లాబు కింద పడుకోవడమంటే ఏమిటో మాకు తెలుసు. కాకపోతే ఆ ఇల్లు వచ్చినవాళ్ళు నగరం నడిమధ్య బస్తీల నుంచి వచ్చినవాళ్ళు. కొల్లూరు అక్కడికి దాదాపు 30 కిలోమీటర్లు. 2024లో మూసీ సుందరీకరణ పేరుతో చాదర్‌ఘాట్, మూసానగర్, శంకర్‌నగర్ ఇళ్ళకి మార్కింగు వేసినప్పుడు కూడా జనం అడిగిన మొదటి ప్రశ్న ఇల్లు ఎంత పెద్దది అని కాదు, "ఆడికెళ్ళి పనికెట్ల రావాలె?" అని.

ఒక లెక్క వేద్దాం. అంకెలు ఊహించినవే, ఎవరివి వాళ్ళు మార్చుకోవచ్చు. మాదాపూర్ ఆఫీసులో హౌస్‌కీపింగ్ పని, నెలకి 15,000, 26 రోజులు, రోజుకి 8 గంటలు. అంటే గంటకి 72 రూపాయల చిల్లర. బోరబండలో ఒక గదికి అద్దె 6,000, పనికి దగ్గర. ఊరి చివర సర్కారు ఇంటికి అద్దె లేదు, రానుపోను రోజుకి మూడు గంటలు. నెలకి 78 గంటలు. ఎనిమిది గంటల పనిదినాల్లో చూస్తే తొమ్మిదిన్నర రోజుల పైనే. గంటకి ఆ జీతం చొప్పున కడితే 5,625 రూపాయలు. అద్దె లేని ఇంటికి అద్దె అదన్నమాట. భార్యాభర్తలిద్దరూ పనికిపోతే దానికి రెట్టింపు. ఇంటాయన అద్దెని నోట్లలో తీసుకుంటాడు, దూరం దాన్ని నిద్రలో, పిల్లల చదువులో తీసుకుంటుంది. ఈ లెక్క చూసి ఇల్లు తీసుకోవద్దని మేం చెప్పం. ఇల్లు తీసుకోండి, బస్సు కూడా అడగండి, ఇంటి కాగితంతో పాటు మొదటి బస్సు వేళ కూడా రాయించుకోండి.

బస్సు మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పాలి. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీ ప్రయాణం ఉచితం. దీన్ని వెక్కిరించేవాళ్ళలో ఎక్కువమంది బస్సెక్కనివాళ్ళే. మన ఆడవాళ్ళకి ఇది కూలి పెంపులాంటిది. రెండు బస్సులు మారినా ఖర్చు లేదు కాబట్టి పని వెతుక్కునే వలయం పెద్దదైంది, కూలి నచ్చకపోతే ఇంకోచోటికి పోగలిగే ధైర్యం వచ్చింది. టిక్కెట్టు డబ్బు తగ్గింది, గంటలు మాత్రం తగ్గలేదు. మెట్రో గంటలు తగ్గిస్తుంది, డబ్బు తీసుకుంటుంది. 2025 మే నెలలో పెంచి, కొంత తగ్గించాక గరిష్ఠ చార్జీ 69 రూపాయలయింది. రోజుకి రెండుసార్లు, 26 రోజులకి 3,588. హౌస్‌కీపింగ్ మనిషి మెట్రో స్టేషన్ ఊడుస్తుంది, మెట్రో ఎక్కదు.

చట్టం సంగతేమిటని పాఠకులు అడగొచ్చు. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం నాలుగో సెక్షను, అంటరానితనం కారణంగా ఏ ప్రాంతంలోనైనా ఇల్లు కట్టుకోకుండా, కొనకుండా, వుండకుండా అడ్డుకోవడం నేరమంటుంది. శిక్ష నెల నుంచి ఆరునెలల జైలు, వంద నుంచి ఐదొందల జరిమానా. కానీ "మా అమ్మకి ఆచారం" అన్నవాడిని కోర్టులో ఎట్లా నిలబెడతాం? కారణం నోటితో చెప్పనంతకాలం నేరం రుజువు కాదు. ఇంకోవైపు 2005లో సుప్రీంకోర్టు, అహ్మదాబాదులో పార్సీల సహకార గృహనిర్మాణ సంఘం తమవాళ్ళకే ఇళ్ళు అని పెట్టుకున్న నియమాన్ని సమర్థించింది. బరోడా సత్రానికి, ఈ తీర్పుకి మధ్య 88 ఏళ్ళు. ప్రైవేటు అద్దెల్లో వివక్షను పేరుపెట్టి నిషేధించి, కారణం చూపే బాధ్యతను ఇంటి యజమాని మీద పెట్టే చట్టం కావాలని మేం ఎప్పటినుంచో అనుకుంటున్నాం. దాని మీద న్యాయవాద మిత్రులు రాయాలి.

ఈలోపు ఇల్లు చూసుకునే మనవాళ్ళకి మా అనుభవంలోంచి కొన్ని మాటలు. దూరాన్ని కిలోమీటర్లలో కొలవొద్దు, తలుపు నుంచి తలుపుకి ఎన్ని నిమిషాలో కొలవండి, అదీ సోమవారం ఉదయం. ఆదివారం మధ్యాహ్నం చూసిన దూరం అబద్ధం చెప్తుంది. ఇంట్లో ఎవరి పని దగ్గర వుండాలన్నది మగవాడి ఉద్యోగాన్ని బట్టే తేల్చేయడం మనలోనూ వుంది. ఆమె పనికి రెండుసార్లు పోయొచ్చేదైతే ఆమె పనికే దగ్గర వుండాలి. అతను బస్సెక్కొచ్చు. కులం దాచి ఇల్లు తీసుకోవాలా అని చాలామంది అడుగుతారు. దాచినవాళ్ళని మేం తప్పు పట్టం, అంబేద్కరే బరోడాలో దాచాల్సి వచ్చింది. కాకపోతే దాచిన ఇంట్లో ఫోటో గోడెక్కదు, ఊరి నుంచి అమ్మ వస్తే ఆమె మాట ఎవరి చెవిన పడుతుందోనని భయం, శుక్రవారం ఏం వండామో వాసన తెలియకుండా కిటికీలు మూయాలి. ఆ ఇంటికి అద్దె తక్కువైనా చవక కాదు. మనవాళ్ళున్న కాలనీ దూరమైనా ఎందుకు ఎంచుకుంటున్నారో ఈ లెక్క వేస్తేనే అర్థమవుతుంది.

ఇట్లాంటి వివరాలు మేం పోగుచేస్తున్నాం. పాఠకులు తమవి ఒక కాగితం మీద రాసి పంపితే వచ్చే సంచికల్లో పేర్లు లేకుండా వేస్తాం. ఎక్కడ పని, ఎక్కడ ఇల్లు, ఎన్ని ఇళ్ళు చూశారు, ఇంటాయన ఏ ప్రశ్న అడిగాడు, మొదటి బస్సు ఎన్నింటికి. మొదటి కాగితం మా టీచరు మిత్రుడిది. అందులో చూసిన ఇళ్ళు తొమ్మిది, ఇస్తామన్నవి సున్న, బస్సు 7.10, అట్లా పోయొచ్చిన సంవత్సరాలు పదకొండు అని వుంది. ప్రశ్న అన్నచోట "మజ్జిగ" అని రాశారు.